సికింద్రాబాద్ వరకే

మా తమ్ముడు చాంద్‌పాషా కరాచీ నుంచి వచ్చింది 1953 ఎండాకాలంలో. అయిదేళ్ళ తర్వాత వచ్చాడు. బొంబాయి బండి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆగాక దిగిన జనంలో వాణ్ణి ముందు పోల్చుకున్నది నేను కాదు, మా ఆయన ఫకీర్. నేను వెతుకుతున్నది బక్కపలచని కుర్రవాడి కోసం. దిగినవాడు ఒళ్ళు చేసి, కళ్ళకింద నల్లబడి, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని ఎవరో పెద్దమనిషిలా నిలబడ్డాడు. దగ్గరికొచ్చి "అక్కా" అన్నాక గానీ నాకు వాడు మా వాడు కాలేదు.

నేను ఏడుపు ఆపుకుని, ఇంటికి పోదాం పద, నీళ్ళు కాచి పెట్టి వచ్చానని అన్నాను.

"ముందుగాల ఠాణాకు పోవాలక్కా. దిగినట్టు రాపిచ్చుకోవాలె" అన్నాడు.

ఆ స్టేషన్ ముందు నుంచే వాడు చిన్నప్పుడు రోజూ పనికి వెళ్ళేవాడు. ఆ స్టేషన్ ఎదుటి లాడ్జిలోనే వంట నేర్చుకున్నాడు. ఇప్పుడు తను వచ్చానని పోలీసులకు చెప్పుకుంటే తప్ప మోండా మార్కెట్ వెనక మా సందులోకి రాలేడు. ట్రంకుపెట్టెతోనే ఠాణాకు నడిచాం.

వాడు కరాచీ ఎందుకు వెళ్ళాడంటే పెద్ద కథేమీ లేదు. జ్ఞానశేఖర్ గారి లాడ్జిలో మా ఆయన గదులు చూసుకునేవాడు, తమ్ముడు వంటింట్లో ఉండేవాడు. 1948 ఎండాకాలంలో అక్కడ దిగిన ఓడల కంపెనీ దొర ఒకడికి వాడి చేతి వంట నచ్చింది. రెండేళ్ళు నా దగ్గర చెయ్యి, మంచి జీతం ఇస్తానన్నాడు. అప్పట్లో కరాచీ అంటే టిక్కెట్టు కొనుక్కుని పోయే ఊరే. మా నాయిన హుస్సేన్ కూడా, కుర్రవాడు నాలుగు చోట్లు చూసి రానీ అన్నాడు. వాడు వెళ్ళిన కొన్నాళ్ళకే పోలీస్ యాక్షన్ వచ్చింది. నైజాం రాజ్యం పోయింది. అటువాళ్ళు ఇటు రావాలంటే పర్మిట్ అన్నారు, ఆ పర్మిట్ కోసం వాడు తిరుగుతూ ఉండగానే తర్వాత పాస్‌పోర్టు అన్నారు, వీసా అన్నారు. ఆ మొదటి చలికాలమే ఆలేరులో నాయిన పోయాడు. టెలిగ్రాం కరాచీ చేరింది గానీ మనిషి ఆలేరు చేరలేదు. ఒక్కడే కొడుకు ఉండి, జనాజా మోయడానికి మా ఆయనా, పక్కింటి వడ్రంగి బ్రహ్మచారీ, మసీదు దగ్గరి నలుగురూ భుజం పట్టారు. అమ్మ ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరింట్లో చావైనా, కొడుకు ఉన్నాడా అని ముందు అడిగేది.

తమ్ముడు అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. ఒక కొడుకు. పిల్లవాడికి నాయిన పేరే పెట్టాడు.

ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ తుకారాం పాస్‌పోర్టు చాలాసేపు చూసి, పెద్ద పుస్తకంలో రాసుకుని, మా ఆయనతో జామీను సంతకం పెట్టించుకుని, వారానికోసారి వచ్చి కనిపించమని చెప్పాడు. తమ్ముడు సరేనని, రేపు పొద్దుటి బండికి ఆలేరు పోయి అమ్మను చూసి రెండు రోజుల్లో వచ్చేస్తానన్నాడు. తుకారాం రాస్తున్నవాడు ఆగాడు.

"నీ వీసాల సికింద్రాబాదే ఉంది. ఆలేరు లేదు. గీ ఊరు దాటొద్దు నువ్వు."

"ఆడ మా అమ్మ ఉంది సాబ్. మంచంల ఉంది."

"నువ్వు మంచిగనే పోయొస్తవ్, నాకు ఎరికే. కాగితానికి ఎరిక లేదు గద."

గట్టిగా అనలేదు ఆ మాట. ఆయనకూ అది బాగున్నట్టు లేదు. తమ్ముడికి తప్పెక్కడ జరిగిందో అక్కడే అర్థమైంది. దరఖాస్తులో ఎక్కడ దిగుతావని అడిగితే అక్క ఇల్లు ఉన్న ఊరు రాశాడు. దిగిన చోటి నుంచి అరవై డెబ్భై కిలోమీటర్లలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళడానికి వేరే రాయాలని ఎవరూ చెప్పలేదు, వాడికీ తోచలేదు.

ఆ సాయంత్రమే మా ఆయన వాణ్ణి జ్ఞానశేఖర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. లాడ్జి అప్పటికి చిక్కిపోయి ఉంది. మిలిటరీ దొరలు పోయారు. బొంబాయి వర్తకులు తగ్గారు. కరాచీలో, లాహోర్లో ఉన్నవాళ్ళ చుట్టాలు ఇక్కడ ఎన్ని ఇళ్ళల్లో లేరు? అక్కడివాళ్ళు పండక్కో పెళ్ళికో వచ్చి గదులు తీసుకునేవాళ్ళు, టాంగాలు కట్టించుకుని చార్మినార్, గోల్కొండ తిరిగేవాళ్ళు. వాళ్ళు ఆగిపోయాక పై అంతస్తు గదులకు తాళాలు పడ్డాయి. ఇద్దరు నౌకర్లను మాన్పించారు. మా ఆయన రేపో ఎల్లుండో తన వంతు అనుకుంటున్నాడు.

జ్ఞానశేఖర్ గారు తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు. విషయం విని చాలాసేపు తలూపారు. తర్వాత మా ఆయనతో అన్న మాట ఇంటికొచ్చి ఆయన నాకు చెప్పాడు.

"చూసిపోనీకి వచ్చినోన్ని గిట్ల పరేషాన్ చేస్తే మళ్ళ ఎవరొస్తరు ఫకీర్? వాళ్ళు రాకుంటే మన నౌకరీలేడ ఉంటయి?"

ఆయనే ఇంగ్లీషులో దరఖాస్తు టైపు చేయించారు, వీసాలో ఆలేరు కూడా చేర్చమని. తనే స్వయంగా ఆఫీసుకు తీసుకెళ్ళి ఇచ్చారు. ఊరికే అదొక్కటే చెప్పి రాలేదు. బయటినుంచి వచ్చేవాళ్ళకు రూల్స్ కొంచెం సడలిస్తే ఈ ఊళ్ళో ఎంతమందికి పని దొరుకుతుందో కూడా అక్కడి ఆఫీసరుకు చెప్పి వచ్చారట. ఆఫీసరు మర్యాదగా విన్నాడు. అలాంటివి పైనుంచి రావాలి, మా చేతుల్లో లేదన్నాడు. ఆలేరు సంగతి మాత్రం రాసి పంపుతానన్నాడు.

ఇక ఎదురుచూడటం మొదలైంది. లాడ్జి వంటవాడు ఆ నెలలోనే పని మానేశాడు. ఉన్నన్నాళ్ళు నువ్వే వండిపెట్టు అని జ్ఞానశేఖర్ గారు తమ్ముణ్ణి అడిగారు, కానీ చూసిపోవడానికి వచ్చినవాడు పని చెయ్యకూడదని వీసాలోనే ఉంది. వాడు రోజూ మా ఆయనతో లాడ్జిదాకా నడిచి వెళ్ళి, వంటింటి కిటికీ కింద బెంచీ మీద కూర్చునేవాడు. లోపల కొత్తవాడు ఉల్లిగడ్డ మాడుస్తుంటే వాసన పట్టి లేవబోయి మళ్ళీ కూర్చునేవాడట. పని చేసే చేతులు ఊరికే ఉంటే మనిషి ఎంత పాడవుతాడో ఆ నెలలో చూశాను. ఇంట్లో నా చేతిలో గరిటె ఉండనిచ్చేవాడు కాదు. ఆరుగురికి సరిపోయేంత వండి, తను రెండు ముద్దలు తిని లేచేవాడు.

ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే తమ్ముడు మా ఆయన లుంగీ ఒకటి కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాడు. ఎక్కడికని అడగాల్సిన పని లేదు. మా ఆయన లోపలినుంచి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆలేరు చిన్న ఊరని, దిగీ దిగగానే ఊరంతా వచ్చి కౌగిలించుకుంటుందని, ఆ మాట బండి కంటే ముందు ఠాణాకు చేరుతుందని నెమ్మదిగా చెప్పాడు. పట్టుబడితే వెళ్ళగొడతారు, మళ్ళీ జన్మలో రానివ్వరు, జామీను సంతకం పెట్టిన తన సంగతి అటుంచు అన్నాడు. తమ్ముడు విన్నాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి పొయ్యి రాజేశాడు.

అప్పుడు నేను ఆలేరు బయలుదేరాను.

అమ్మకు ఆ ఏడాదే గుండె జబ్బు పట్టుకుంది. కాళ్ళు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. నాయిన పోయాక ఆ ఇల్లు విడిచి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు. మా ఇంటికి రమ్మంటే, మీ నాయిన ఇక్కడుంటే నేనెక్కడికి వస్తాననేది. ఊరి చివర నాయిన సమాధి పక్క స్థలం తనదని అందరికీ చెప్పి పెట్టింది.

నేను లోపలికి వెళ్ళేసరికి నా వెనక ఇంకొకరి కోసం చూసింది. నేనొక్కదాన్నేనని తెలిశాక కళ్ళు మూసుకుంది. సంగతంతా చెప్పాను. కాగితం అంటే అమ్మకు తెలియదు, వీసా అంటే తెలియదు. అదేదో కొత్త రోగం పేరులా రెండుసార్లు అనుకుంది.

"వాన్ని ఏడిదనుక రానిస్తరే?" అంది చివరికి.

"సికింద్రాబాద్ దనుకనే అమ్మా."

మంచం పట్టె పట్టుకుని లేవబోయింది.

"అయితే నేనే పోతా."

ఆలేరు డాక్టరు వద్దన్నాడు. ఈ ఎండలో, ఆ రైలు కుదుపులో గుండె ఓర్చుకోదన్నాడు. అమ్మ ఆయనకు దండం పెట్టి, బట్టలు సర్దమని నాతో అంది. బ్రహ్మచారి ఆ పూట పనులన్నీ మానేసి, తన పాత కుర్చీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టాడు. ఎత్తి చూసుకున్నాడు, దించి చూసుకున్నాడు, తనే కూర్చుని కొడుకులతో మోయించి చూసుకున్నాడు. మర్నాడు ఎడ్లబండిలో గడ్డి పరిచి స్టేషన్‌కు తెచ్చారు. కుర్చీతోనే ప్యాసింజరులోకి ఎక్కించారు. బండి కదిలేదాకా బ్రహ్మచారి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. వదినా, పది దినాలల్ల రావాలె, ఇల్లు నేను ఊడ్పిస్త అన్నాడు. అమ్మ తలూపింది.

దారి పొడుగునా తడిగుడ్డ నుదుటి మీద మార్చుతూ వచ్చాను. భువనగిరి దాటాక అమ్మకు ఊపిరి అందక, పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి కిటికీ వైపు చోటిచ్చారు. ఎక్కడికి పోతున్నారని ఎవరో అడిగితే నేను చెప్పేలోపే అమ్మ అంది, కొడుకు వచ్చిండు అని.

తమ్ముడు ప్లాట్‌ఫారం మీదున్నాడు. అక్కడిదాకా వాడు రావచ్చు. కుర్చీ దించేదాకా ఆగలేదు, పెట్టెలోకి ఎక్కి అమ్మను రెండు చేతుల్లో ఎత్తుకుని దిగాడు. వాడు వెళ్ళినప్పటికంటే లావయ్యాడని నేను చెప్పానుగా. అమ్మ వాడి మొహం తడిమి, మెడ తడిమి, "బక్కగైనవ్ బిడ్డా" అంది.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో మంచి రోజులు. ఆ మాట అనడానికి నాకు సంకోచం లేదు. తమ్ముడు అమ్మకు కాళ్ళు పిసికేవాడు, వేడినీళ్ళతో కడిగేవాడు. గంజిలో కాస్త జీలకర్ర వేసి, దాన్నే ఏదో షాహీ వంటకంలా గిన్నెలో పోసి తెచ్చేవాడు. కరాచీ సముద్రం గురించి చెప్పమనేది అమ్మ. కోడలు రంగు, ఎత్తు, మాట తీరు అడిగేది. మనవడు ఎవరి పోలికని రోజుకోసారి అడిగేది. నాయిన పోలికే అని రోజూ అదే జవాబు చెప్పేవాడు. ఠాణాకు వెళ్ళే రోజున మాత్రం, ఎక్కడికి రా అంటే, బజారుకు అనేవాడు.

కానీ డాక్టరు చెప్పింది అబద్ధం కాలేదు. మే నెల ముదిరేకొద్దీ అమ్మకు వాపు కాళ్ళనుంచి పైకి ఎక్కింది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనించి కూర్చోబెట్టేవాళ్ళం. ఒక మధ్యాహ్నం, అమ్మ కళ్ళు మూసుకుని ఉంటే, మా ఆయన నన్నూ తమ్ముణ్ణీ గడప దగ్గరికి పిలిచాడు. ఇప్పుడే ఆలేరు తీసుకెళ్ళాలి, ఇంకా ఆలస్యం చేస్తే తీసుకెళ్ళలేం అన్నాడు. ఆమె కోరిక మనకు తెలుసు, ఆమె చోటు అక్కడుంది, మామ పక్కన అన్నాడు. నిజమే. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు విసనకర్ర చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. నన్ను కూడా రానివ్వండి అని ఎవరిని అడుగుతాడు? వద్దు అని ఎలా అంటాడు?

అమ్మ నిద్రపోలేదు.

"నన్నేడికీ తీస్కపోకుండ్రి" అంది.

"ఆలేరమ్మా. నాయిన కాడికి" అన్నాను నేను.

"ఆడికైతే వీడు రాలేడు గద."

అమ్మ ఊపిరి కూడదీసుకుంది.

"నన్ను ఈడ్నే పెట్టుండ్రి. మీ నాయిన ఏమనుకోడు. నేను జెప్పుకుంట." తర్వాత, "జెర నీళ్ళియ్యి" అంది తమ్ముడితో.

వాడు లేచి కుండ దగ్గరికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి వాడి చేతిలో గ్లాసు తీసుకుని, నీళ్ళు ముంచి, అమ్మకు తాగించాను.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున అమ్మ పోయింది. తమ్ముడు విసురుతూనే ఉన్నాడట, ఊపిరి ఎప్పుడు ఆగిందో తెలియలేదట.

లాడ్జి వంటిల్లు ఆ రోజు మూసేసి జ్ఞానశేఖర్ గారు ఉన్న నౌకర్లందరితో వచ్చారు. మా సందులోంచి లాలాగూడ వైపు ఖబరస్తాన్‌కు చాలా దూరం, పైగా మధ్యాహ్నపు ఎండ. నేను వాకిలిదాకా వెళ్ళాను. మిగిలింది మా ఆయన చెప్పాడు. జనాజా మోసేవాళ్ళు కొంతదూరానికి భుజం మార్చుకుంటారు, వెనకున్నవాళ్ళు వచ్చి అందుకుంటారు, అందరికీ ఆ పుణ్యం దక్కాలని. తమ్ముడు మార్చుకోలేదు. ఎవరొచ్చినా తల అడ్డంగా ఆడించాడు. ముందు కుడివైపు పట్టినవాడు ఖబరస్తాన్ గేటుదాకా అలాగే నడిచాడు. తుకారాం దారిలో చాయ్ దుకాణం ముందు ఉన్నాడట. లేచి టోపీ తీసి చేత్తో పట్టుకుని, మలుపుదాకా వెనకాలే వచ్చాడట.

పదమూడో రోజో పద్నాలుగో రోజో తుకారామే మా ఇంటికి వచ్చాడు. ఆలేరు మంజూరైంది, ఒక్క రోజుకు, పొద్దున పోయి సాయంత్రం రావాలె అని చెప్పాడు. చెప్పి వెంటనే వెళ్ళలేకపోయాడు. గడప దగ్గరే నిలబడి, నెల కిందనే రావాల్సి ఉండె అన్నాడు.

తమ్ముడు వెళ్ళడేమో అనుకున్నాను. వెళ్ళాడు. నేను తోడు వెళ్ళాను. మా ఆయన అన్నట్టే ఊరు ఊరంతా వచ్చింది గానీ ఎవరూ కౌగిలించుకోలేదు. అమ్మ ఇంటి ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. బ్రహ్మచారి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"మా గోడకు గోడ ఉన్న మనిషి" అన్నాడు, తమ్ముణ్ణి కాదు, నన్నూ కాదు, ఎదురుగా ఉన్న వేపచెట్టును చూస్తూ. "ఆమె జాగ ఆడ హుస్సేన్ పక్కకు అట్లనే ఉంది. ఒక్క కబురన్న చేయకుంట పరాయి ఊర్ల పెట్టొచ్చిండ్రు."

"నాకోసమే ఆడ ఉండిపోయింది కాకా. నన్ను ఆలేరు రానియ్యలే" అన్నాడు తమ్ముడు.

"మరి ఇప్పుడెట్ల వచ్చినవ్?"

"ఇప్పుడు రానిచ్చిండ్రు."

బ్రహ్మచారి అప్పుడు వాడి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అరుగు మీద కొంచెం పక్కకు జరిగాడు. తమ్ముడు వెళ్ళి కూర్చున్నాడు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు. బ్రహ్మచారి భార్య జొన్నరొట్టె, పచ్చడి తెచ్చి మధ్యలో పెట్టింది. ఎండ కాస్త తగ్గాక నాయిన దగ్గరికి వెళ్ళి వచ్చాం. సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాం.

అమ్మ నలభయ్యో రోజు కార్యం దాకా ఉంటానని తమ్ముడు గడువు పెంచమని అడిగాడు. పెంచలేదు. జూన్‌లో, మొదటి చినుకులు పడిన రోజున, అదే ట్రంకుపెట్టెతో స్టేషన్‌కు బయలుదేరాడు. ముందు ఠాణాకు వెళ్ళి, పోతున్నట్టు రాయించుకున్నాడు. తుకారాం ఈసారి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. వచ్చేసారి దరఖాస్తులో ఆలేరు సుత రాయి, మరిచిపోకు అన్నాడు.

"ఇగ సికింద్రాబాద్ ఒక్కటే చాలు సాబ్" అన్నాడు వాడు.

బండిలో కూర్చున్నాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, అమ్మ దగ్గరికి పోయొస్తుండు అక్కా అన్నాడు.

నలభయ్యో రోజు మేమే చేశాం. లాడ్జి ఇంకో ఏడాది ఈడ్చింది. ఆ తర్వాత జ్ఞానశేఖర్ గారు దాన్ని బియ్యం గిడ్డంగికి ఇచ్చేశారు. మా ఆయన నేరేడ్‌మెట్ మిలిటరీ మెస్‌లో పనికి కుదిరాడు. తమ్ముడు మళ్ళీ రాలేదు. ఒకసారి వాడికి సెలవు దొరకలేదు, ఒకసారి వీసా దొరకలేదు, ఆ తర్వాత అడగడం మానేశాడు.

లాలాగూడ ఖబరస్తాన్ గోడ పొట్టిది. రోడ్డు మీద నిలబడితే అమ్మ కనిపిస్తుంది. శుక్రవారం వెళ్తాను. ఏడాదికోసారి ఆలేరు పోయి నాయినను చూసి వస్తాను. నా వాళ్ళు ముగ్గురూ మూడు ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళల్లో ఇద్దరి దగ్గరికి నేను ఎవర్నీ అడక్కుండా వెళ్ళగలను.